రైతు వీడియోలకు ఏ కెమెరా బాడీ? నలభై వేలలో మేం తేల్చుకున్న తీరు

ఈసారి జీవామృతం గురించి కాదు, విత్తనాల గురించీ కాదు. మన వీడియోలు తీసే కెమెరా గురించి. "అన్నా, నేను కూడా మా పొలం వీడియోలు పెడదామనుకుంటున్న, ఏ కెమెరా కొనాలె?" అని చాలామంది అడుగుతున్నారు. నేను ఫొటోగ్రాఫర్‌ని కాదు. మెదక్ దగ్గర మూడెకరాల్లో దేశీ వరి, కూరగాయలు పండించుకునే మనిషిని. కానీ ఈ మధ్య పాత కెమెరా తీసి ఇంకోటి కొనాల్సి వచ్చింది. రెండు నెలలు తిరిగి, అడిగి, చూసి తెలుసుకున్నది మీకు చెప్తా. జత చేసిన వీడియోలో పాత కెమెరా శబ్దం, కొత్త కెమెరా శబ్దం పక్కపక్కన వినిపించాను. చదివే ముందు ఒక్కసారి అది వినండి.

అసలు మార్చాలన్న ఆలోచన ఎట్లా వచ్చిందంటే, ఒక ఫోన్ కాల్ వల్ల.

పోయిన ఏడాది నీమాస్త్రం మీద ఒక వీడియో పెట్టాం. నీమాస్త్రం తయారీలోనే నీళ్లు పోస్తాం కదా, అందుకని వడకట్టి అట్లనే కొట్టాలి, మళ్లీ నీళ్లు కలిపేది ఉండదు. వీడియోలో నేను ఆ మాటే చెప్పిన: "మళ్ల నీళ్లు కలపొద్దు" అని. ఆ రోజు చెరువు కట్ట మీద నుంచి గాలి బాగా వీస్తోంది. కెమెరా లోపలి మైకు ఆ గాలి అంతా పట్టింది. నెల తర్వాత సిద్దిపేట వైపు నుంచి ఒక రైతు ఫోన్ చేసిండు. "అన్నా, మీరు జెప్పినట్టే సగానికి సగం నీళ్లు కలిపి చిక్కుడుకు కొట్టిన. పేనుబంక పోలే. రెండుసార్లు కొట్టిన, అయినా పోలే. ఇగ మందుల షాపుకు పోయి డబ్బా తెచ్చుకున్న" అన్నడు. నేను అట్ల చెప్పలేదే అని వీడియో పెట్టి విన్న. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నా నాకే అనుమానం వచ్చింది. "కలపొద్దు" అన్నది గాలిలో "కలపొచ్చు" అన్నట్టే వినిపిస్తోంది.

ఒక్క అక్షరం. ఆయన మూడేళ్ల నుంచి మందు కొట్టకుండా చేసుకుంటున్న చిక్కుడు పందిరి. నా వీడియో వల్ల డబ్బా దగ్గరికి పోయింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "పర్వాలేదన్నా" అని పెట్టేసిండు. అదే ఎక్కువ బాధ.

ఆ రోజు మా కెమెరా కానన్ 1200డి. 2014లో వచ్చిన మోడల్, మా బావమరిది పెళ్లిళ్ల ఫొటోలకు కొని, మానేసి, నాకిచ్చిండు. ఫొటోలకు ఈరోజుకూ దానికి పేరు పెట్టేది లేదు. ఆకు మీద మంచు బొట్టు, వరి కంకి మీద పిచ్చుక, అన్నీ మంచిగనే వస్తయి. కానీ దానికి బయటి మైకు పిన్ను పెట్టే సందే లేదు. ఎంత మంచి కాలర్ మైకు కొన్నా పెట్టడానికి చోటు లేదు. ఈ సంగతి కొనేటప్పుడు ఎవ్వరూ చెప్పరు. షాపులో ఎన్ని మెగాపిక్సెళ్లో చెప్తరు, సంచి ఫ్రీ అంటరు, పక్కన రబ్బరు మూత తీసి లోపల ఎన్ని సందులున్నయో చూపించేవాళ్లు తక్కువ.

అందుకే ముందు ఒక మాట. మీ దగ్గర ఇట్లాంటి కెమెరా ఉంటే, వెంటనే కొత్తది కొనకండి. ఒక నెల ఈ పని చేసి చూడండి. ఇంట్లో ఉన్న ఫోనుకు కాలర్ మైకు పెట్టి, ఫోను జేబులో వేసుకుని, రికార్డింగు ఆన్ చేయండి. కెమెరా కూడా ఆన్ చేసి, కెమెరా ముందు ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. తర్వాత ఎడిటింగులో కెమెరాలో చేతులు కలిసిన చోటును, ఫోను శబ్దంలో "టప్" అన్న చోటును ఒకే దగ్గర జరిపితే చాలు. బొమ్మ కెమెరాది, మాట ఫోనుది. ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టడం మరవొద్దు. మేం ఇట్లా మూడు నెలలు చేశాం. పని నడిచింది. కానీ ఒక వీడియోకు పది పన్నెండు ముక్కలుంటే పన్నెండుసార్లు చప్పట్లు, పన్నెండుసార్లు జరపడం. పొలం పని అయ్యాక రాత్రి తొమ్మిదింటికి కూర్చుని చేసే పని అది. నాటు రోజుల్లో అయితే అసలు కుదరదు. అప్పుడే ఇంట్లో మాట ఎత్తిన.

మా ఇంటావిడ సూటిగా అడిగింది: "ఏందయ్యా, ఆ డబ్బాకు నలభై వేలా? గా పైసలకు ఇంకిన్ని కలిపితే ఆవు రాదా?" వస్తది. ఆ లెక్క తప్పని నేననను. అందుకే నలభై వేలకు ఒక్క రూపాయి దాటొద్దని, మైకు, కార్డు, అదనపు బ్యాటరీ అన్నీ అందులోనే రావాలని ఇద్దరం అనుకున్నాం. చాలామంది చేసే పొరపాటు ఇక్కడే: ఉన్న డబ్బంతా బాడీకి పెట్టి, తర్వాత మైకుకు లేక మళ్లీ గాలి శబ్దంతోనే వీడియోలు పెడతారు.

ఫోను చాలదా అని కూడా అడుగుతారు. చాలామందికి చాలుతుంది, నిజం. తెల్లవారక ముందు పశువుల కొట్టంలో, సాయంత్రం చీకటి పడ్డాక, దూరంగా కొమ్మ మీద పిట్ట పురుగును పట్టే చోట, అక్కడ ఫోను ఆగిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు ఫోను వేడెక్కి కెమెరా దానంతట అదే ఆగిపోవడం మీరూ చూసే ఉంటారు. ఈ ఇబ్బందులు మీకు లేకపోతే ఈ వ్యాసం ఇక్కడ ఆపి, ఒక మంచి కాలర్ మైకు, దానికో బొచ్చు టోపీ కొనుక్కోండి. తిడతారేమో గానీ, అదే మంచి సలహా.

పటేల్ షాట్, సంఘం షాట్

ఇక మైకు సందు తర్వాత రెండో విషయం. దీన్ని నాకు నేర్పింది ఏ కెమెరా కంపెనీ కాదు, మన పాత మెదక్ జిల్లా ఆడవాళ్లే. 2016లో జిల్లాలు విడిపోయి జహీరాబాద్ సంగారెడ్డి జిల్లాలోకి పోయింది కానీ, అంతకుముందు అదంతా మన జిల్లానే. అక్కడ పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. చిరుధాన్యాలు, పాత విత్తనాలు, ఏటా జరిగే పాత పంటల జాతర, ఇవన్నీ మన రైతులకు తెలిసినవే. ఆ సంఘాల్లోని దళిత మహిళా రైతులు, చాలామంది బడి మొహం చూడనివాళ్లు, 1990ల చివరి నుంచే వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. తర్వాత కమ్యూనిటీ మీడియా ట్రస్టు పేరుతో సొంతంగా సినిమాలు తీశారు. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో కూడా మొదలుపెట్టారు.

మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది 2002 మార్చిలో. ఆ వానాకాలం వరంగల్ వైపు ఆ పత్తి వేసిన రైతుల దగ్గరికి ఈ అక్కలు కెమెరాతో పదే పదే వెళ్లి, మొలక నుంచి ఏరే దాకా వాళ్ల మాటలు రికార్డు చేశారు. వరంగల్ రైతులకు బీటీ పత్తి మీద కోపం ఎందుకు అని అడిగే ఆ చిత్రం 2003లో బయటకొచ్చి వేరే దేశాల దాకా పోయింది. ఒక్కసారి పోయి ఇంటర్వ్యూ తీసుకొచ్చి ఉంటే ఆ సినిమాకు ఆ బలం ఉండేది కాదు. ఒకే చేనుకు మళ్లీ మళ్లీ వెళ్లడం, అది ఖరీదైన కెమెరాతో వచ్చే గుణం కాదు.

వాళ్ల దగ్గర నాకు ఎప్పటికీ గుర్తుండేది షాట్లకు పెట్టుకున్న పేర్లు. కింద నుంచి పైకి తీస్తే మనిషి పెద్దగా, ఎత్తుగా కనిపిస్తాడు కదా. అరుగు కింద నిలబడి పటేల్‌ను చూస్తే కనపడే తీరు అది. పై నుంచి కిందికి తీస్తే మనిషి చిన్నగా, వంగినట్టు, జీతగానిలాగా కనిపిస్తాడు. కంటికి కన్ను సమానంగా పెట్టి తీసేది సంఘం షాట్. సంఘంలో అందరూ నేల మీద సమానంగా కూర్చుంటారు కాబట్టి.

ఇది విన్నాక మా పాత వీడియోలు మళ్లీ చూసుకున్న. సిగ్గేసింది. కలుపు తీసే అక్కలు, నారు పీకేవాళ్లు, అందరినీ నేను నిలబడి పై నుంచే తీసిన. కావాలని కాదు. 1200డి తెర వెనక్కి అతుక్కుని ఉంటుంది, తిరగదు. కూర్చున్న మనిషి కంటి ఎత్తులో కెమెరా పెడితే తెర చూడటానికి నేను బురదలో పడుకోవాలి. పడుకోలేక నిలబడే తీసిన. అంటే తెర పక్కకు విప్పుకుని పైకి తిప్పుకునే కెమెరా ఉంటే, నేను మోకాలి ఎత్తులో పట్టుకుని పై నుంచి తెర చూస్తూ సంఘం షాట్ తీయొచ్చు. దీన్ని షాపుల్లో సెల్ఫీ కోసం అని అమ్ముతారు. మనకు మాత్రం కలుపు తీసే అక్క మొహం కనపడటానికి.

అట్లా రెండు షరతులు తేలినయి: మైకు సందు, తిరిగే తెర. ఈ రెండు జల్లెడలు పట్టేసరికి జాబితా సగం రాలిపోయింది.

కానన్ 1500డి, 3000డి, నికాన్ డి3500: మొదటిసారి కొనేవాళ్లకు షాపులో ముందుగా చూపించేది ఇవే. ఫొటోలకు బాగుంటాయి. మైకు సందు లేదు. పక్కన పెట్టేశాం. కానన్ ఆర్100 మిర్రర్‌లెస్, కొత్తది, మైకు సందు ఉంది, కానీ తెర తిరగదు, వేలితో ముట్టుకుంటే పనిచేయదు. నికాన్ డి5600కు రెండూ ఉన్నాయి, కానీ వీడియోలో మనిషి కదిలితే ఫోకస్ వెతుక్కుంటూ ముందుకూ వెనక్కూ పోతుంది. నాగలి వెంట నడిచే మనిషిని తీయాలంటే కష్టం.

కొత్త మిర్రర్‌లెస్‌లలో సోనీ జెడ్‌వి-ఇ10, నికాన్ జెడ్30, కానన్ ఆర్50 మూడూ వీడియోకు నిజంగా బాగుంటాయి. మూడింటికీ మైకు సందు, తిరిగే తెర, మనిషి మొహాన్ని వదలకుండా పట్టుకునే ఫోకస్ ఉన్నాయి. సోనీ వాళ్లయితే గాలి శబ్దం ఆపే బొచ్చు టోపీ డబ్బాలోనే ఇస్తారు, అది చూసి నాకు భలే సంతోషం వేసింది. కానీ సోనీకీ, జెడ్30కీ కంటికి ఆనించి చూసే వ్యూఫైండర్ లేదు. మధ్యాహ్నం పొలంలో తెర మీద ఏమీ కనపడదు. మన మొహమే అద్దంలో కనపడినట్టు కనపడుతుంది. ఆర్50కి వ్యూఫైండర్ ఉంది. మూడూ లెన్సుతో కలిపి కొత్తవి కొంటే మా నలభై వేలు దాటుతాయి. మీ బడ్జెట్ డెబ్బై ఎనభై వేలుండి, చేతిలో లెన్సులేవీ లేకపోతే, నేనైతే ఆర్50 వైపు చూస్తా. ఎండే కారణం.

మాకున్న అసలు ఆస్తి లెన్సులు. 1200డితో వచ్చిన 18-55, ఇంకో 55-250, తర్వాత కొన్న 50 ఎంఎం ఎఫ్ 1.8. కొట్టంలో చీకటికి ఆ 50 ఎంఎం, పిట్టలకు 55-250. కంపెనీ మారితే ఈ మూడూ మూలన పడతాయి, మళ్లీ కొనాలి. బాడీ ధర ఒక్కటే చూసి కంపెనీ మారినవాళ్లు అసలు ఖర్చు తర్వాత చూస్తారు. ట్రాక్టరు మార్చి పాత రోటవేటరు దానికి తగలకపోతే ఎట్లుంటదో ఇదీ అంతే. కానన్ 2020 తర్వాత కొత్త డిఎస్‌ఎల్‌ఆర్ తేలేదు, ఇక మిర్రర్‌లెస్ వైపే పోతోంది, నిజమే. కానీ ఈ లెన్సులు రేపు ఆర్ రకం బాడీలకు అడాప్టరు పెట్టి వాడుకోవచ్చు, ఫోకస్ కూడా పనిచేస్తుంది. కాబట్టి కానన్‌లోనే ఉండాలని, సెకండ్ హ్యాండ్ చూడాలని తేల్చుకున్నాం.

4కె సంగతి

4కె లేకుండా ఈరోజుల్లో కెమెరా ఏందన్నా అని మా అన్న కొడుకు గట్టిగా వాదించిండు. ఆకు మీద మచ్చను దగ్గరగా కోసి చూపించాలంటే 4కె పనికొస్తుంది, ఒప్పుకుంటా. కానీ లెక్క చూడండి. సెకనుకు 100 మెగాబిట్ల 4కె వీడియో గంటకు 45 జీబీ తింటుంది. మామూలు 1080 వీడియో సెకనుకు 30 మెగాబిట్లయితే గంటకు పదమూడు జీబీ చిల్లర. మా కంప్యూటరు పిల్లల చదువుకు కొన్నది, 4కె ముక్క పెడితే ఫ్యాను రైస్ మిల్లులాగా మోగుతుంది. మన వీడియో చూసే రైతు గట్టు మీద కూర్చుని, ఉన్న డేటాతో, చేతిలోని ఫోనులో చూస్తాడు. ఆయనకు 4కె కన్నా "కలపొద్దు" స్పష్టంగా వినపడాలి. పైగా మా బడ్జెట్‌లో వచ్చే 4కె కానన్లలో, 200డి మార్క్ 2లో గానీ ఎం50లో గానీ, 4కె పెట్టగానే బొమ్మ అంచులు కోసుకుపోతాయి, 1080లో ఉండే మంచి ఫోకస్ పనిచేయదు. పేరుకే 4కె.

చివరికి రెండు మిగిలినయి: కానన్ 200డి, కానన్ 80డి. రెండూ మా లెన్సులు తీసుకుంటాయి, రెండింటికీ తెర తిరుగుతుంది, మైకు సందుంది, వీడియోలో ఫోకస్ మెత్తగా మారుతుంది. 200డి చాలా తేలిక, అరకిలో లోపే. 80డి 2016ది, బరువు ఎక్కువ, కానీ దానికి ఇంకో సందుంది: హెడ్‌ఫోన్ సందు. అంటే తీసేటప్పుడే మైకులో ఏం పడుతోందో చెవితో వినొచ్చు. 200డిలో శబ్దం గీతలు పైకీ కిందికీ ఊగడం కనపడుతుంది, అంతే. గాలి కొట్టినా గీత ఊగుతుంది, మాట్లాడినా ఊగుతుంది. చిక్కుడు రైతు ఫోన్ గుర్తుకొచ్చింది. 80డి అనుకున్నాం.

ఆషాఢంలో హైదరాబాద్ పోయిన. కావాలనే ఆషాఢం. పెళ్లిళ్లుండవు, ఫొటోగ్రాఫర్లు పాతవి అమ్మి కొత్తవి తీసుకునేది అప్పుడే ఎక్కువ, బేరానికి దిగుతారు. కోఠి వైపు రెండు మూడు షాపులు తిరిగిన. సెకండ్ హ్యాండ్ చూసేటప్పుడు నేను చేసినవి చెప్తా. ఇది కాస్త ఓపిగ్గా చదవండి, డబ్బు పోయేది ఇక్కడే.

మీ లెన్సు, మీ మైకు, మీ కార్డు, మీ హెడ్‌ఫోన్ తీసుకుపోండి. ముందు మైకు పెట్టి రెండు నిమిషాలు రికార్డు చేస్తూ పిన్నును కొద్దిగా అటూ ఇటూ కదపండి. వినేటప్పుడు చిటపట వచ్చిందంటే సందు వదులైపోయింది. నేను చూసిన మొదటి 80డి ఇట్లనే ఉంది. పైకి తళతళ మెరుస్తోంది. షాపాయన "షట్టర్ కౌంటు చాలా తక్కువన్నా" అన్నడు. ఆ మాటకు మోసపోవద్దు. షట్టరు లెక్క ఫొటోలది. వీడియోలు తీసిన గంటలు ఆ లెక్కలో పెద్దగా కనపడవు. పెళ్లి వీడియోలకు రాత్రంతా వాడిన కెమెరాకు కూడా ఫొటోల లెక్క తక్కువే ఉంటుంది. మైకు సందు, తెర మడత మాత్రం అరిగిపోతాయి.

తెర మడతను నాలుగుసార్లు విప్పి మూసి, ప్రతి కోణంలో బొమ్మ ఆరిపోకుండా ఉందా చూడండి. తర్వాత లెన్సును ఎఫ్ 22 దగ్గర పెట్టి తెల్ల గోడనో, ఆకాశాన్నో ఒక ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. నల్లని చుక్కలుంటే సెన్సరు మీద దుమ్ము. దుమ్మయితే శుభ్రం చేయించుకోవచ్చు. గీతలుంటే వదిలేయండి. లెన్సు కూడా కొంటుంటే టార్చి వేసి లోపలికి చూడండి, సాలెగూడులాంటి దారాలుంటే అది ఫంగస్. బ్యాటరీ ఉబ్బిందేమో చూడండి. బిల్లు అడగండి, బిల్లు మీది నంబరు, కెమెరా కింది నంబరు ఒకటేనా చూడండి. పావుగంట పట్టే పని. షాపాయన విసుక్కుంటే ఇంకో షాపుకు పోండి.

మూడో షాపులో దొరికినదాన్ని 31,500కు తీసుకున్న. గ్రిప్ రబ్బరు ఒక మూల లేచింది, ఆ వంకతోనే వెయ్యి తగ్గించిన. మిగిలిన ఎనిమిదిన్నర వేలలో కాలర్ మైకు, బొచ్చు టోపీ, చెవులు మూసే హెడ్‌ఫోన్, ఇంకో బ్యాటరీ, 64 జీబీ కార్డు, గొట్టపు అడాప్టర్లు వచ్చినయి. 1200డి బ్యాటరీలు దీనికి పట్టవు, అది ముందే తెలుసుకుని లెక్కలో వేసుకున్నాం. గొట్టపు అడాప్టర్లంటే లెన్సుకూ బాడీకీ మధ్య పెట్టే ఖాళీ గొట్టాలు, వాటితో పేనుబంకను తెర నిండా చూపించొచ్చు. కొంటే లోపల కరెంటు పిన్నులున్నవే కొనండి, లేనివైతే లెన్సు వెలుతురు తగ్గించడం కుదరదు.

ఇంటికి తెచ్చాక చేసిన మొదటి పని: మెనూలో వీడియో పద్ధతిని పాల్‌కు మార్చి, షట్టరును 50 దగ్గర పెట్టడం. మన కరెంటు 50 హెర్ట్జ్. అట్లా పెట్టకపోతే కొట్టంలో ఎల్‌ఈడీ బల్బు కింద వీడియో గడగడలాడినట్టు వస్తుంది. వానాకాలం కెమెరాను సంచిలో కాకుండా గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెడుతున్నాం. కొట్టం పక్క గదిలో అస్సలు పెట్టొద్దు, ఆ తేమకు లెన్సులో ఫంగస్ తొందరగా వస్తుంది.

లోటు కూడా చెప్పాలి కదా. ఇది అద్దం కెమెరా, వీడియో తీసేటప్పుడు వ్యూఫైండర్ నల్లగా అయిపోతుంది. ఎండలో తెర కనపడదు. కాబట్టి నేను నల్ల గుడ్డ కప్పుకుని, పాత స్టూడియో ఫొటోగ్రాఫర్ లాగా లోపల తల పెట్టి తీస్తున్న. మా పిల్లలకు నవ్వు. వీడియో ఒక్క ముక్క అరగంటకు ఆగిపోతుంది. బరువు, రోజంతా మెడకు వేసుకుంటే తెలుస్తుంది.

మొదటి రోజు నీమాస్త్రం వీడియోనే మళ్లీ తీశాం. అదే గట్టు, అదే గాలి. హెడ్‌ఫోన్ మా ఇంటావిడ పెట్టుకుంది. నేను రెండు మాటలు చెప్పగానే చెయ్యెత్తి ఆపింది. "గాలి కాదు, పక్క చేను మోటరు మోగుతుంది" అంది. అన్నేళ్ల నుంచి మా వీడియోలన్నింటిలో ఆ మోటరు ఉందని అప్పుడు తెలిసింది. కరెంటు పోయేదాకా ఆగి తీశాం. "కలపొద్దు" అనే చోట ఈసారి తెర మీద పెద్ద అక్షరాలతో కూడా వేశాం, వీడియోలో 6వ నిమిషం దగ్గర చూడండి.

చిక్కుడు తోట అన్నకు ఆ వీడియో వాట్సాప్‌లో పంపిన. పంపి వారమయింది. నీలం టిక్కులు ఇంకా రాలేదు.